సీతాఫల్‌మండిలో పన్నెండు కొమ్మల అణువు

గుంటూరు నుంచి సికింద్రాబాదు వెళ్ళి రావడం కూడా ఒక యాత్రేనా అని మా కాలేజీ స్టాఫ్‌రూములో నవ్వారు. కాశీకో కాశ్మీరుకో వెళ్ళినవాళ్ళు రాయాలి గానీ, పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి దిగే ఊరి గురించి ఏం రాస్తావన్నారు. నిజమే, మా వీధిలో సగం ఇళ్ళవాళ్ళకి అక్కడ చుట్టాలున్నారు. కానీ వాళ్ళంతా పెళ్ళిళ్ళకీ ఆసుపత్రులకీ బదిలీ పనులకీ వెళ్ళినవాళ్ళు. నేను ఒక అణువు కోసం వెళ్ళాను. అందుకే రాస్తున్నాను.

ఆ అణువేమిటో ముందే చెబితే మంచిది. ప్లాస్టిక్కు, రబ్బరు లాంటివన్నీ పొడుగాటి దారాల్లాంటి అణువులతో తయారవుతాయి. వాటిని పాలిమర్లంటారు. కొన్ని ఒంటి దారాలు. కొన్నిటికి కొమ్మలుంటాయి. పన్నెండు దారాలు తెచ్చి వాటి చివరలన్నీ కలిపి ఒక్క ముడి వేస్తే ఎలా ఉంటుందో, నాది అలాంటి అణువు. ద్రవంలో కరిగినప్పుడు అది ఎంత మేర పరుచుకుంటుంది, ఎంత ముడుచుకుంటుంది అన్నది నా పరిశోధన. నేను ఫిజిక్సు లెక్చరర్ని, ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ చేస్తున్నాను. సీసాలూ ద్రవాలూ నేను ముట్టుకోను. కంప్యూటర్లో పూసలు గుచ్చినట్టు అణువుని కట్టి, దాన్ని లక్షలసార్లు అటూ ఇటూ కదిలించి, సగటున ఎంత పెద్దదో లెక్క తీస్తాను. దీన్ని సిమ్యులేషన్ అంటారు.

సికింద్రాబాదులో ఒక లాబులో పీహెచ్‌డీ చేస్తున్న సబిత అనే అమ్మాయి ఇదే అణువుని నిజంగా కరిగించి, దాని గుండా లేజరు కాంతి పంపి, ఆ కాంతి ఏ వైపుకి ఎంత చెదిరిందో చూసి కొలుస్తుంది. ఒంటి దారాల దగ్గర మా ఇద్దరి కొలతలూ చక్కగా కలిశాయి. మూడు, నాలుగు కొమ్మల దాకా కలిశాయి. పన్నెండు కొమ్మలకి వచ్చేసరికి ఆమె కొలిచిన అణువు నా లెక్కకన్నా పెద్దదిగా తేలింది. తేడా చిన్నది కాదు. సీసాలో దుమ్ము పడి, అది కూడా కాంతిని చెదరగొట్టి ఉంటుందని మా గైడు గారు ఉత్తరం రాశారు. సబితకి గైడైన అక్కడి సారు ఆ అమ్మాయిచేత కొలత మళ్ళీ మళ్ళీ చేయించారు. ప్రతిసారీ అదే జవాబు. చివరికి పెద్దలిద్దరూ ఫోన్లో ఒక మాట అనుకున్నారు. మేమిద్దరం ఒకచోట కూర్చుని ఎవరిది తప్పో తేల్చుకోవాలి. తేలకపోతే ఆ అధ్యాయం ఇద్దరి థీసిస్‌లలోంచీ తీసెయ్యాలి. అది తీసేస్తే నా థీసిస్‌లో మిగిలేది ముందుమాటే.

అలా ఆషాఢ మాసంలో, ఫ్లాపీల డబ్బా ఒకటి చీరల మధ్య దాచుకుని, తప్పు నాది కాకూడదని ప్రార్థన చేసుకుని బయలుదేరాను.

బండిలో బెల్లం జిలేబీ

బెజవాడలో ఎదుటి సీట్లోకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నారు. పేరు సుబ్బారావు గారు. సొంతూరు తెనాలి. కుర్రతనంలోనే హైదరాబాదు చేరి, బేగంపేటలో విమానం టికెట్లు అమ్మే ఆఫీసు పెట్టుకున్నారు. కూర్చోగానే పొట్లం విప్పి బెల్లం జిలేబీ నా చేతిలో పెట్టారు. మా వైపు పలకరింపు అలాగే ఉంటుంది. ముందు తిండి, తర్వాత వీధి పేరు, ఆ తర్వాత ప్రయాణం దేనికని ప్రశ్న.

"ఒక అణువు కొలతలో తేడా వచ్చిందండీ" అన్నాను.

"తూకంలోనా అమ్మా?"

"తూకం సరిపోయిందండీ. సైజులో. నేను కంప్యూటర్లో లెక్క కట్టింది ఒకటి, అక్కడ కొలిచింది ఇంకొకటి."

ఆయన ఇంకో జిలేబీ తుంచారు. "మా ఆఫీసులోనూ ఇదే గొడవమ్మా. కంప్యూటరేమో సీటుందంటుంది. తీరా వెళితే విమానంలో సీటుండదు."

నాకు నవ్వొచ్చింది గానీ లోపల గుచ్చుకుంది కూడా. మాట మార్చి వారి ఆఫీసు సంగతులడిగాను. ఆ ఆఫీసులో ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనది జనరేటరు. ఊరంతా కరెంటు పోయినా తన కంప్యూటరు ఆగదని ఖమ్మం నుంచి వరంగల్లు దాకా చెప్పారు.

ఖమ్మం దాటాక బండిలో అమ్మే వస్తువుల పేర్లు మారిపోయాయి. వేరుశనక్కాయలు పల్లీలయ్యాయి. కాజీపేటలో ఆకు దొన్నెల్లో నేరేడుపళ్ళు వచ్చాయి. మా ఊళ్ళో దొరికేవాటికి రెట్టింపు లావు, ధర మాత్రం సగం. ఉప్పు చల్లించుకుని తిన్నాను. సికింద్రాబాదులో దిగేసరికి నా నాలుకా చీర అంచూ ఒకే రంగులో ఉన్నాయి. దిగేటప్పుడు సుబ్బారావు గారు, "ఏ అవసరమొచ్చినా బేగంపేట రామ్మా" అని ఆఫీసు గుర్తులు చెప్పారు. ఇలాంటి మాటలు బండిలో అందరూ అంటారు. నేనూ తల ఊపాను.

"నేను దుమ్ము"

స్టేషన్లో గేటు పక్కన ఒక సన్నటి అమ్మాయి అట్టముక్క పట్టుకుని నిలబడింది. దానిమీద నా పేరు, సుజాత గ్రేస్ అని, కింద ఎర్ర సిరాతో "సిమ్యులేషన్" అని రాసి ఉంది.

"మీరేనా సిమ్యులేషన్?" అంది నవ్వకుండా. "నేను దుమ్ము."

మా గైడు గారి ఉత్తరం ఈ అమ్మాయి కూడా చదివిందన్నమాట. నేరేడు నాలుకతో నవ్వాను. ఆ నాలుక చూసి సబిత ఫక్కుమంది. అదృష్టం, అక్కడే సగం మంచు కరిగింది.

నాకోసం అనుకున్న లేడీస్ హాస్టల్లో గది ఖాళీ కాలేదట. "పరేషాన్ గాకు అక్కా, మా ఇంటికి పోదాం" అంటూ అప్పటికే నా సంచీ ఆటోలో పెట్టేసింది. మీటరు ఖరాబైందన్న ఆటో అతనితో సబిత ఉర్దూలో రెండు మాటలు అంది. మీటరు వెంటనే బాగైంది. నాది తప్పని తేల్చబోయే అమ్మాయి ఇంట్లోనే నేను దిగబోతున్నానని ఆటో కదిలాక గాని నాకు తట్టలేదు.

యాదమ్మ గారి వంట

సీతాఫల్‌మండిలో వాళ్ళది రెండు గదుల డాబా. పక్కింటి వంటగదిలో పోపు వేస్తే మనకి తుమ్మొచ్చేంత దగ్గర దగ్గరగా ఇళ్ళు. సబితా, వాళ్ళ అమ్మ యాదమ్మ గారూ ఉంటారు. యాదమ్మ గారు ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తారు, మనిషి గట్టి, గొంతు ఇంకా గట్టి.

ఆ ఇంట్లో ఎవరూ నన్ను "మీరు" అనలేదు. సబిత కూడా స్టేషన్లో అన్న ఒక్క "మీరు"తో సరిపెట్టింది. మా వైపు కొత్తవాళ్ళని "నువ్వు" అంటే చిన్నబుచ్చుకుంటారు. ఇక్కడ "నువ్వు" అనకపోతే దూరం పెట్టినట్టట. మొదటి పూట చెవికి కరుగ్గా తగిలింది. రెండో పూటకి హాయిగా అనిపించింది.

భోజనం దగ్గర యాదమ్మ గారు "తొక్కు ఏస్తనా బిడ్డా?" అన్నారు. నాకు తెలిసిన తొక్క అరటిపండుది. వద్దంటే బాగుండదని సరేనన్నాను. పచ్చిమిరపకాయ పచ్చడి వచ్చి పడింది. "గుంటూరోళ్ళు కారం మస్తు తింటరంట గదా" అని ఇంకో గరిటె వేశారు. జిల్లా పరువు కోసం తిన్నాను. కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు కారుతున్నా నవ్వుతూనే తిన్నాను. తరువాత వచ్చిన పచ్చిపులుసు మాత్రం అమృతం. పొయ్యి ముఖం చూడకుండా చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ నలిపి చేసే ఆ చారు మావాళ్ళకెందుకు తట్టలేదో.

అంతకుముందు ఒక చిన్న సంఘటన జరిగింది. మాది క్రైస్తవ కుటుంబం. కంచం ముందు తల వంచి ప్రార్థన చేసుకోవడం అలవాటు. నేను కళ్ళు తెరిచేదాకా యాదమ్మ గారు గరిటె పట్టుకుని ఆగారు.

"ఏమని మొక్కినవ్?"

"భోజనం ఇచ్చినందుకు దేవుడికి వందనాలు చెప్పానమ్మా."

"ఒండింది నేనైతే దేవునికి చెప్తవేంది?"

అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. ఆ పూట నుంచి దేవుడికొకటి, యాదమ్మ గారికొకటి, రెండు వందనాలు చెప్పడం మొదలుపెట్టాను.

చీకటి గదిలో ఆకుపచ్చ గీత

మర్నాటి నుంచి లాబు. ఇంటి దగ్గర్నుంచి నడిచే వెళ్ళేవాళ్ళం. దారిలో ఇరానీ హోటల్లో ఒక చాయ్ చెప్పి రెండు కప్పుల్లో సగం సగం పంచుకునేవాళ్ళం. అలా అడిగినా ఇక్కడెవరూ చులకనగా చూడరు. మా ఊళ్ళో కాఫీ సగం అడిగితే ఇంట్లో ఏమైందని ఆరా తీస్తారు.

లాబులో సబిత మరో మనిషి. చెప్పులు బయట, కాళ్ళు కడుక్కోవడం, జుట్టుకి గుడ్డ. కరిగించిన ద్రవాన్ని సన్నటి జల్లెడలాంటి పొర గుండా బొట్టు బొట్టుగా వడగడుతుంది. తొందర లేదు, విసుగు లేదు. వడగట్టిన గాజు గొట్టాన్ని యంత్రంలో పెట్టి, గదిలో దీపాలు ఆర్పి, లేజరు వేసింది. గొట్టంలో ఆకుపచ్చ గీత ఒకటి నిలిచింది.

"చూడక్కా. దుమ్ముంటే మిణుకుమంటది. ఒక్క మిణుకన్న ఉందా?"

నేను వంగి చూశాను. నిజం చెప్పాలంటే, ఒక్క మిణుకైనా కనపడాలని కోరుకుంటూ చూశాను. గీత పట్టుదారంలా నున్నగా ఉంది. దూరంగా గూడ్సు బండి వెళుతుంటే నేల సన్నగా వణికింది. సబిత వెంటనే చెయ్యి తీసేసి, బండి వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టింది. ద్రవం వేడి ఒక్క పిసరు అటూ ఇటూ కాకుండా చూసుకుంది. రెండు రోజులు నేను పక్కనే నిలబడి ప్రతి అడుగూ ప్రశ్నించాను. ఒక్కసారి కూడా కోపం తెచ్చుకోలేదు. రెండో రోజు సాయంత్రం వచ్చిన జవాబు పాత జవాబే. ఆమె కొలతలో తప్పు లేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సబిత వచ్చి పక్కన కూర్చుంది.

"ఇప్పుడు నీ లెక్క నాకు చూపెట్టు అక్కా. నీ పూసలు ఎట్ల నడుస్తయో చెప్పు."

నేను కాగితం మీద బొమ్మ వేసి చెప్పాను. ఆ ద్రవంలో, ఆ వేడి దగ్గర, పూసలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం, లాక్కోవడం సరిగ్గా చెల్లుకు చెల్లు అయిపోతాయి. అందుకని వాటికి ఒకదానికొకటి కనపడనట్టే లెక్క కట్టొచ్చు. ఒక పూస ఉన్నచోట ఇంకోటి వచ్చి కూర్చున్నా మేం పట్టించుకోం. ఒంటి దారాలకి అలా చేస్తేనే అందరికీ సరైన జవాబులొచ్చాయి.

సబిత బొమ్మలో ముడి మీద వేలు పెట్టింది. "ఈడ పన్నెండు కొమ్మలు ఒక్కతాన షురూ అయితున్నయ్ గదా. గింత జాగల ఇన్ని పూసలు ఎట్ల పడుతున్నయ్? ఒకదాని మీద ఒకటి కూసుంటున్నయా?"

"కూర్చున్నా ఫరవాలేదు. పుస్తకాల్లో అలాగే ఉంది."

"పుస్తకంల సరే అక్కా. సీసల?"

కాగితం మీద ముడి వైపు మళ్ళీ చూశాను. ఒంటి దారంలో పూసలు దూరం దూరంగా ఉంటాయి కాబట్టి ఆ చెల్లుకు చెల్లు నడుస్తుంది. ముడి దగ్గర ఇరుకు. అక్కడ నెట్టుకోవడమే మిగులుతుంది, కొమ్మలు బయటికి సాగుతాయి, అణువు పెద్దదవుతుంది. ఇది ఊహ మాత్రమే. సరిచూడాలంటే లెక్క మళ్ళీ కట్టాలి. లేచి, "కంప్యూటరు ఎక్కడ?" అన్నాను.

కరెంటు పోయింది

లాబులో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. సారు దాన్ని మాకు వదిలేశారు. ప్రోగ్రాం మార్చి రాశాను. ఇప్పుడు ఒక చోట ఒకే పూస ఉండాలి, పక్కపక్కనున్న పూసల మధ్య కాస్త లాగుడు ఉండాలి, ఆ లాగుడు ఒంటి దారాలకి పాత జవాబే ఇచ్చేలా సరిచూసుకోవాలి. ఒంటి దారం లెక్క ఒక పూటలో సరిపోయింది. పన్నెండు కొమ్మలది మొదలుపెట్టాను. కనీసం రెండు పగళ్ళూ రెండు రాత్రుళ్ళూ నడవాలి.

మర్నాడు సాయంత్రం కరెంటు పోయింది.

మధ్యలో ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే ఏర్పాటు ప్రోగ్రాంలో పెట్టలేదు. మొత్తం పోయింది. నల్లబడ్డ తెర ముందు కూర్చుని ఉంటే సబిత కొవ్వొత్తి తెచ్చి పెట్టింది. మా మొహాలు చూసుకుని ఇద్దరికీ నవ్వొచ్చింది. ఏడవలేక వచ్చిన నవ్వే, కానీ చాలాసేపు ఆగలేదు.

అసలు చిక్కు ఆ తర్వాత తెలిసింది. ఆదివారం సికింద్రాబాదు బోనాలు, అమ్మవారి పండగ. శనివారం మధ్యాహ్నం నుంచి మంగళవారం దాకా లాబు తాళం. నా తిరుగు టికెట్టు బుధవారానికి.

"నీకు ఈ ఊర్ల ఇంకెవ్వరు తెల్వదా?" అంది సబిత.

తెలుసు. బెల్లం జిలేబీ తెలుసు.

బేగంపేట జనరేటరు

సుబ్బారావు గారు నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. బండిలో అన్న మాట ఆయన నిజంగానే అన్నారు. ఆఫీసు చల్లగా, శుభ్రంగా ఉంది. బోనాల సెలవులకి టికెట్లు కొనేవాళ్ళుండరు కాబట్టి ఒక కంప్యూటరు ఖాళీయే.

"మరి జనరేటరు?" అన్నాను మొహమాటంగా.

"అది ఉన్నదెందుకమ్మా?" అన్నారాయన, ఎన్నాళ్ళుగానో ఈ ప్రశ్న కోసమే ఎదురుచూసినట్టు.

శనివారం సాయంత్రం లెక్క మొదలుపెట్టాం. ఈసారి గంటగంటకీ ఫ్లాపీ మీద దాచుకునేలా రాశాను. నేను మీట నొక్కబోతుంటే ఆయన ఆపి, కంప్యూటరు నెత్తిన ఒక మందార పువ్వు పెట్టారు. పక్కనే "ముట్టుకోవద్దు" అని తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో అట్ట నిలబెట్టారు. ఇళ్ళ కప్పుల మీంచి ఒక విమానం ఎంత కిందుగా దిగిందంటే నేను తల వంచేశాను. అక్కడెవరూ తలెత్తి కూడా చూడలేదు. మా వీధిలో విమానం చప్పుడైతే పెద్దవాళ్ళు కూడా డాబా ఎక్కుతారు.

"ఇంతకీ ఎవరు నెగ్గాలని ఉందమ్మా?" అనడిగారు సుబ్బారావు గారు.

సబితా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వారం క్రితమైతే జవాబు నాలుక చివరే ఉండేది.

ఆదివారం

శనివారం పొద్దున యాదమ్మ గారు మమ్మల్ని మోండా మార్కెట్టుకి తోలారు. బోనానికి కొత్త కుండ, పసుపు, వేపమండలు కావాలి. నేను గోంగూర అడిగితే అమ్మే ఆవిడ లేదంది. ఆమె ముందున్న గుట్ట నిండా గోంగూరే. "ఇది పుంటికూర" అంది. పుంటికూర ఇమ్మన్నాను. ఇచ్చింది. పండగ కాబట్టి పూల ధర మండిపోతోంది గానీ కూరలు మాత్రం గుంటూరు కన్నా చవక. నిమ్మకాయలు ఏరుతుంటే బేరమాడటం నాకు రాదని సబిత నా చేతిలోంచి సంచీ లాక్కుంది.

ఆదివారం పొద్దున నేను సికింద్రాబాదు చర్చిలో తెలుగు ఆరాధనకి వెళ్ళొచ్చాను. పాటలు మావే, రాగాలు మావే. టీచర్లూ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళూ నిండిన ఆ బల్లల మధ్య కూర్చుంటే ఊళ్ళోనే ఉన్నట్టుంది. గుమ్మం దగ్గర నలుగురు చుట్టుముట్టి బదిలీ మీద వచ్చానా అనడిగారు. అణువు కోసం వచ్చానంటే ప్రార్థన చేస్తామన్నారు.

ఇంటికొచ్చేసరికి యాదమ్మ గారు పట్టుచీర కట్టుకుని, పసుపు రాసిన కుండలో వండిన అన్నం పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగించి సిద్ధంగా ఉన్నారు. నేను రావచ్చో లేదోనని వెనకాడాను.

"నువ్వేమన్న మొక్కాల్నా ఏంది? జెర గొడుగు పట్టుకొని నా ఎంబడి నడువు. దీపం మీద వాన పడితే తక్లీఫ్."

అలా నేను దీపానికి గొడుగు పట్టాను. వీధి వీధంతా ఆడవాళ్ళు నెత్తిన బోనాలతో నడుస్తున్నారు. డప్పుల మోతకి రొమ్ములో ఎముకలు అదురుతున్నాయి. ఒళ్ళంతా పసుపు పూసుకుని, నడుముకి వేపమండలు కట్టుకున్న పోతరాజు, అమ్మవారి తమ్ముడి వేషగాడు, కొరడా ఝళిపిస్తూ నా ముందుకి దూకాడు. కెవ్వుమన్నాను. ఆయన ఆగి, "భయపడకు అక్కా" అని నవ్వి, మళ్ళీ కళ్ళు పెద్దవి చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తోపులాటలో నా ఎడమ చెప్పు పోయింది. వెనక్కి తిరిగే వీల్లేదు. కుడి చెప్పు కూడా వదిలేసి వట్టి కాళ్ళతో నడిచాను, గొడుగు మాత్రం వంచలేదు. యాదమ్మ గారి దీపం గుడి దాకా ఆరలేదు.

మధ్యాహ్నం తలకాయ కూర, జొన్నరొట్టె. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా ఒకేచోట కూర్చున్నాం. ఎవరో సబితను పెళ్ళెప్పుడని అడిగారు. యాదమ్మ గారు రొట్టె విరుస్తూ, "అది కాంతిని కొలుస్తది. అదైనంక సూద్దం" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మెడ ఒక అంగుళం నిటారుగా లేచింది. నేను చూశాను. సబిత చూడలేదు, కంచంలోకి చూస్తోంది. తర్వాత గిన్నెలు తోముతున్నప్పుడు చెప్పింది, మూడోసారి కూడా కొలత తప్పన్నప్పుడు చదువు మానేద్దామనుకున్నానని. అమ్మకి చెప్పలేదట.

ఆ రాత్రి నేను చేసిన ప్రార్థన, గుంటూరులో బయలుదేరేటప్పుడు చేసినది కాదు.

మందార పువ్వు కింద

మంగళవారం యాదమ్మ గారి చెప్పులు వేసుకుని సబితతో బేగంపేట వెళ్ళాను. అవి నాకు పెద్దవి. ఆఫీసు మెట్లెక్కుతుంటే పటపటమని ముందే నా రాక తెలిసిపోయింది. సెలవుల్లో రెండుసార్లు కరెంటు పోయిందనీ, జనరేటరు రెండుసార్లూ క్షణంలో అందుకుందనీ సుబ్బారావు గారు కొడుకు మార్కులు చెప్పినట్టు చెప్పారు. పువ్వు వాడింది. లెక్క పూర్తయింది.

సగటు తీసే ప్రోగ్రాం వేశాను. సబిత గోడవైపు తిరిగి నిలబడింది. "నువ్వే చదువక్కా."

తెరమీద అంకె వచ్చింది. ఒకసారి చూశాను. ఫ్లాపీ సరైనదేనా అని చూసుకుని మళ్ళీ చూశాను. తర్వాత ఆమె కొలతల కాగితం పక్కన పెట్టి చూశాను. నా కొత్త అంకె ఆమె అంకె పక్కన, ఏ ప్రయోగంలోనైనా ఉండేంత చిన్న తేడాతో, కుదురుగా కూర్చుంది.

"సబితా," అన్నాను. "నీ సీసాలో దుమ్ము లేదు."

ఆమె తిరగలేదు. భుజాలు కదిలాయి. తర్వాత అలాగే గోడకి జారి, గచ్చు మీద కూలబడి, మోకాళ్ళలో మొహం దాచుకుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఏడుస్తోందనుకుని భుజం మీద చెయ్యి వేస్తే తలెత్తింది. ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా.

"ఎవరు నెగ్గారమ్మా?" సుబ్బారావు గారు కంగారుగా అడిగారు.

"ఈ అమ్మాయండీ."

"మరి నువ్వూ నవ్వుతున్నావే?"

"పాత లెక్క ఒంటి దారాలకి, మహా అయితే నాలుగు కొమ్మలకే సరిపోతుందండీ. ముడి దగ్గర ఏం జరుగుతోందో ఈ కొలత లేకపోతే నేను చూసేదాన్ని కాదు. ఎందుకు పెద్దదవుతోందో నా లెక్క లేకపోతే ఈ అమ్మాయికీ తెలిసేది కాదు."

ఆయనకి ఎంత అర్థమైందో గానీ, వెంటనే అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లూ తెప్పించారు. సగం సగం కాదు, నిండు కప్పులు. సబిత అక్కడి నుంచే సారుకి ఫోను చేసింది. ఆయన మొత్తం విని, "రెండు థీసిస్‌లలోనూ ఆ అధ్యాయం ఉంటుంది. దానికన్నా ముందు ఇద్దరూ కలిసి పేపరు రాయండి" అన్నారట. ఫోను పెట్టేశాక సబిత అమ్మ పనిచేసే ఆసుపత్రికి ఇంకో ఫోను చేసింది. "అమ్మా, నాది కరెక్టే" అని ఒక్క ముక్కే అంది. అవతల యాదమ్మ గారు ఏమన్నారో అడిగాను.

"గా ముచ్చట నాకు ముందుగాలే తెలుసు, పని ఉన్నది పెట్టెయ్ అన్నది" అంది సబిత.

తిరుగు బండి

బుధవారం ఇద్దరూ స్టేషనుకి వచ్చారు. యాదమ్మ గారు డ్యూటీకి ఆలస్యమవుతున్నా పట్టించుకోకుండా కొత్త చెప్పుల జత, టిఫిను డబ్బా నా ఒళ్ళో పెట్టారు. డబ్బాలో తొక్కు కూడా ఉందన్నారు. నేను దండం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపి, తల నిమిరారు.

పేపరు మీద ఎవరి పేరు ముందుండాలన్న దానిమీద సబితకీ నాకూ ప్లాట్‌ఫారం మీద పెద్ద గొడవైంది. కొలత లేకపోతే లెక్కెక్కడిదని నేను, లెక్క లేకపోతే కొలతకి అర్థమెక్కడిదని తను. పక్కనున్న కూలీ ఒకాయన ఆస్తి తగాదా అనుకుని సర్దుకుపొమ్మన్నాడు. అంతలో బండి కూత వేసింది.

బండి కదులుతుంటే సబిత కిటికీ ఊచ పట్టుకుని వెంట నడిచింది.

"అక్కా, పద్దెనిమిది కొమ్మలది సుత కొలిచి పెట్టిన."

"ఎప్పుడు? ఎంతొచ్చింది?"

"చెప్ప. నువ్వు ఫస్టు లెక్క కట్టు."

"ఒక్క ముక్క చెప్పు! పెద్దదా చిన్నదా?"

తను ఊచ వదిలేసి, రెండు చేతులతో నోరు మూసుకుని, నవ్వుతూ నిలబడిపోయింది. నేను కిటికీలోంచి మెడ చాచి "దొంగా!" అని అరిచాను. పెట్టెలో అందరూ నా వైపు చూశారు. బండి సీతాఫల్‌మండి ఇళ్ళ వెనకనుంచి పోతోంది. సంచీలోంచి కాగితం తీసి, ముడి ఒకటి గీసి, దాని చుట్టూ కొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాను.